పెళ్లి వీసీడీని ఏఐతో క్లియర్ చేయిస్తే తాతయ్య ముఖమే మారిపోయింది, ఏం చేయాలి?

డబుల్‌కామీఠా:

నమస్తే అందరికీ. పోస్టు కొంచెం పెద్దది, తిట్టుకోకండి.

మా అమ్మానాన్నల పెళ్లి 1996లో నల్లకుంటలో అయింది. అప్పటి వీడియో క్యాసెట్‌ను 2004 ప్రాంతంలో మా వీధిలోని ఒక స్టూడియోకిచ్చి మూడు వీసీడీలు చేయించారు. ఆ తర్వాత క్యాసెట్ ఏమైందని అడిగితే నాన్న అమ్మ వైపు చూస్తారు, అమ్మ నాన్న వైపు చూస్తుంది. వచ్చే నెల వాళ్ల 30వ పెళ్లిరోజు, అందరం కూర్చుని టీవీలో చూద్దామనుకున్నా. పెట్టి చూస్తే 55 అంగుళాల టీవీ మీద అంతా గళ్లు గళ్లు, పంతులు గారికీ ఆయన వెనక ఉన్న స్తంభానికీ తేడా తెలియట్లేదు.

సరే, ఇప్పుడు ఏఐతో క్లియర్ చేస్తున్నారంట కదా అని ఒక వెబ్‌సైటులో 30 సెకన్ల ముక్క ఎక్కించా, ట్రయల్ ఉచితమన్నాడు. మా తాతయ్య, అంటే అమ్మ వాళ్ల నాన్న, కన్యాదానం దగ్గర అల్లుడి కాళ్లు కడిగి లేచి కెమెరా వైపు చూసి నవ్వుతారు, ఆ ముక్క. ఆయన 1999లో పోయారు, అప్పటికి నాకు ఏడాది. ఫొటోలు ఉన్నాయి గానీ ఆయన నడుస్తూ, మాట్లాడుతూ కనిపించేది ఈ మూడు డిస్కుల్లోనే.

వచ్చిన వీడియో చూసి నేనైతే ఎగిరి గంతేశా, అంత శుభ్రంగా ఉంది. అమ్మకు చూపిస్తే రెండు సెకన్లు చూసి "ఎవరే ఈయన?" అంది. నేను నవ్వాను, తను నవ్వలేదు. తర్వాత పక్కన ఫొటో పెట్టుకుని చూస్తే నిజమే, మీసం అప్పుడే సెలూన్‌లో కత్తిరించినట్టుంది, బుగ్గల మీద ముడతలు మాయం, కళ్లు ఎవరివో. ఎడమ చేతికి కడియం కూడా వచ్చింది, మా తాతయ్య జన్మలో కడియం పెట్టుకోలేదంట. వెనక బ్యానర్ మీద అమ్మ పేరు ఏ లిపిలో ఉందో ఆ దేవుడికే తెలియాలి.

ఇప్పుడు ఏ సాఫ్ట్‌వేర్ వాడాలి? నా దగ్గరున్నది మామూలు లాప్‌టాప్, 8 జీబీ ర్యామ్, గ్రాఫిక్స్ కార్డు లేదు. అమీర్‌పేటలో ఒకాయన "4కె చేసిస్తా" అంటున్నాడు, ఇవ్వొచ్చా? అసలు ముఖం మారకుండా క్లియర్ చేయడం కుదురుతుందా, కుదరదా?


కాచిగూడ_ఎక్స్‌ప్రెస్:

వీడియో2ఎక్స్ అని ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఉంది, దించుకుని రాత్రి పెట్టి పడుకో, పొద్దున్నకి అయిపోద్ది. దీనికింత లొల్లి ఎందుకు.


రెండర్‌రాత్రులు:

@కాచిగూడ_ఎక్స్‌ప్రెస్ భయ్యా, గ్రాఫిక్స్ కార్డు లేదని చెప్తున్నారు కదా. మూడు గంటల వీడియో అంటే సెకనుకు 25 చొప్పున 2,70,000 ఫ్రేములు. నా దగ్గర 3060 కార్డు ఉంది, దాని మీదే మోడల్‌ను బట్టి సెకనుకు ఐదు ఫ్రేములు వస్తే పండగ, అంటే 15 గంటలు. ఆ లాప్‌టాప్ మీద పెడితే పొద్దున్నకి కాదు, సంక్రాంతికి అవుద్ది.

@డబుల్‌కామీఠా గారూ, నేను ఎడిటింగ్ పని చేస్తా, ఇలాంటివి వారానికి ఒకటైనా వస్తుంది నా దగ్గరికి. సాఫ్ట్‌వేర్ సంగతి తర్వాత చూద్దాం, ముందు మీ చేతిలో ఏముందో లెక్క వేద్దాం. వీసీడీ అంటే 1993 నాటి పద్ధతి, వీడియోను ఎంపెగ్-1 అనే పాత లెక్కతో కుదిస్తుంది. మన దగ్గర టీవీలకు వాడిన పాల్ అనే పద్ధతి లెక్కలో ఒక్కో ఫ్రేము 352 అడ్డం, 288 నిలువు, అంటే దాదాపు లక్ష చుక్కలు (పిక్సెళ్లు). బొమ్మకు ఇచ్చేది సెకనుకు 1,150 కిలోబిట్లు. పెళ్లి పందిట్లో పూలు, జరీ, జనం, లైట్లు అన్నీ అందులోనే ఇరుక్కోవాలి, ఇరకలేనప్పుడు వచ్చేవే ఆ గళ్లు. దాన్ని 1080కి పెంచితే, 4:3 ఆకారంలో 1440 బై 1080, సుమారు పదిహేనున్నర లక్షల చుక్కలు కావాలి. అంటే ప్రతి 15 చుక్కల్లో ఒకటే మీ నాన్నగారి పెళ్లిది, మిగతా 14 మిషన్ ఊహించినవి. 4కె అయితే 61లో ఒకటి. ఆ అమీర్‌పేట ఆయన్ని నేను తప్పు పట్టను గానీ, 4కె చేసిస్తా అన్నప్పుడు "60 చుక్కలు నేను కల్పించి ఇస్తా" అని కూడా చెప్పాలి కదా.

మీ తాతయ్య ముఖం ఎందుకు మారిందంటే, ఈ మోడళ్లకు నేర్పే పద్ధతే అది. మంచి ఫొటో ఒకటి తీసుకుంటారు, దాన్ని కావాలనే చిన్నది చేసి, మసక చేసి, గీతలూ చుక్కలూ కలిపి పాడు చేస్తారు, తర్వాత పాడైన దాని నుంచి మంచిదాన్ని తిరిగి గీయమంటారు. లక్షల సార్లు. 2021లో వచ్చిన రియల్-ఈఎస్ఆర్‌గాన్ లాంటివి ఇట్లాగే తయారయ్యాయి. దాంతో దానికి "మసకగా ఇలా ఉంటే, అసలు అలా ఉండి ఉంటుంది" అని అలవాటు పడిపోతుంది. గోడ, చెట్టు, మెట్లు అయితే ఆ అలవాటు బాగానే పనిచేస్తుంది, గోడ కొంచెం మారినా ఎవరూ ఏడవరు. ముఖానికి అలా కాదు.

ముఖాల కోసం విడిగా జీఎఫ్‌పీగాన్, కోడ్‌ఫార్మర్ అని ఉన్నాయి. ఇవి రెండూ ఫ్లికర్ సైటు నుంచి తీసిన 70,000 ముఖాల ఫొటోల మీద నేర్చుకున్నవి. చాలా సైటుల్లో "ముఖాలు మెరుగుపరచు" అనే బటన్ వెనక ఇలాంటిదే ఏదో ఒకటి నడుస్తుంటుంది. ఆ 70,000 మందిలో 1996 నాటి మన పెద్దమనుషులు ఎంతమంది ఉంటారో మీరే ఊహించుకోండి. 2020లో పల్స్ అని అమెరికాలో డ్యూక్ యూనివర్సిటీ వాళ్లు ఒకటి చేశారు, దానికి ఒబామా మసక ఫొటో ఇస్తే తెల్లాయన ముఖం గీసిచ్చింది, అప్పట్లో పెద్ద రచ్చ అయింది. తెలిసిన ముఖం కాబట్టి అందరూ పట్టుకున్నారు. మీ ఇంట్లో మీ అమ్మగారు పట్టుకున్నారు. మీరు పట్టుకోలేదు చూశారా, అదీ నాకు భయం వేసేది.

కాబట్టి ఆ ముఖాల బటన్ ముందు తీసేయండి. తీసేసినా వీసీడీ నుంచి అద్భుతం ఏమీ రాదు, గళ్లు తగ్గి నున్నగా అవుతుంది, అంతే. నా సలహా, క్యాసెట్ వెతకండి.


నిమ్మకాయసోడా:

టోపజ్ అనే ఏఐ వీడియో సాఫ్ట్‌వేర్ కొనండి, నేను వాడుతున్నా, సూపర్.


రెండర్‌రాత్రులు:

@నిమ్మకాయసోడా నేనూ వాడతా, మంచిదే. కానీ ఒకప్పుడు ఒకసారి కొంటే అయిపోయేది, 2025లో చందా పద్ధతికి మారారు, ఒక్క పెళ్లి వీడియో కోసం ఎందుకు చెప్పండి. పైగా అందులో ఐరిస్ అనే మోడల్ కూడా ముఖాల కోసమే, జాగ్రత్తగా వాడకపోతే అదీ మేకప్ వేస్తుంది.


పాతక్యాసెట్:

అమ్మా డబుల్‌కామీఠా, నేను 1991 నుంచి 2003 దాకా పెళ్లి వీడియోల్లో ఉన్నా. మొదట్లో లైట్ పట్టుకునేవాణ్ని, తర్వాత కెమెరా ఇచ్చారు. ఇప్పుడు ఇంట్లో కూర్చుని పాత క్యాసెట్లు ఎక్కిస్తుంటా. కళ్లు సరిగా ఆనవు, తప్పులుంటే సర్దుకోండి.

ఆ రోజుల్లో ఎక్కువ మంది వాడింది భుజం మీద పెట్టుకునే పానాసోనిక్, ఎం-9000 లాంటివి. క్యాసెట్ నేరుగా అందులోనే. పక్కన ఒకడు సన్‌గన్ లైటు పట్టుకుని నిలబడేవాడు, వాడు మొహం మీద కొడితే పెళ్లికూతురి నుదురు తెల్లగా వెలిగిపోయేది, బొట్టు కూడా పోయేది. ఆ తెల్లగా పోయిన చోట క్యాసెట్‌లోనే ఏమీ లేదు, ఏ ఏఐ తెచ్చినా అది సొంత కవిత్వమే. మా తప్పే అది, పెద్దాళ్లు "లైట్ దగ్గరికి పెట్టవోయ్, మొహం కనపడాలి" అంటే పెట్టేవాళ్లం.

తర్వాత మిక్సింగ్. కెమెరా క్యాసెట్ నుంచి మిక్సింగ్ మాస్టరు, దాని మీద పూలు విచ్చుకోవడం, గుండె ఆకారంలో పెళ్లికొడుకు తేలడం, వెనక సినిమా పాటలు. ఆ మాస్టరు నుంచి ఇళ్లకు కాపీ. ఒక్కో కాపీకి ఒక్కో పొర పోతుంది. మీ వీసీడీ అంటే మూడో తరమో నాలుగో తరమో.

అసలు సంగతి ఏమిటంటే, మేమెప్పుడూ రెండు కాపీలు ఇచ్చేవాళ్లం. మగపెళ్లి వారికొకటి, ఆడపెళ్లి వారికొకటి. వీడియో ఖర్చు ఎవరు పెట్టుకున్నా సరే రెండో వాళ్లు ఊరుకోరు కదా. మీ అమ్మ పుట్టింట్లో అడుగు. అటక మీద, బీరువా అడుగున, పాత మిక్సీ డబ్బాలో, ఎక్కడో ఒకచోట ఉంటుంది. దొరికితే మాత్రం ఆత్రంగా వీసీపీలో, అంటే క్యాసెట్ ప్లేయర్‌లో పెట్టకు. ముందు ఆ నల్ల మూత ఎత్తి టేపు అంచు చూడు, తెల్లగా బూజులాగా ఉంటే ఫంగస్ పట్టినట్టు. అలాంటిది పెడితే బూజు టేపును చదివే హెడ్‌కి అంటుకుంటుంది, తర్వాత పెట్టిన మంచి క్యాసెట్ కూడా పాడవుతుంది. మన వానాకాలానికి చాలావాటికి పట్టింది.


టూవీలర్‌పోయింది:

మధ్యలో దూరుతున్నందుకు సారీ అన్నా. మా బైక్ పోయింది. ఎదురింటి సీసీ కెమెరాలో దొంగలు వచ్చిన బండి కనిపిస్తోంది గానీ నంబర్ ప్లేట్ తెల్ల చుక్కలా ఉంది. ఏఐతో నంబర్ తీయొచ్చా? ఒక యాప్‌లో పెడితే టీఎస్ 08 అని వచ్చింది, చాలా టెన్షన్‌గా ఉంది, ఆ నంబరుతో వెతకమని పోలీసులకు చెప్పాలా?


రెండర్‌రాత్రులు:

@టూవీలర్‌పోయింది వద్దు తమ్ముడూ, దయచేసి చెప్పకు. పైన తాతయ్యకు కడియం వచ్చినట్టే నీకు 08 వచ్చింది. తెల్ల చుక్కలో అంకెలు లేవు, నంబర్ ప్లేటు అంటే అంకెలు ఉండాలి కాబట్టి అది పెట్టేసింది. ఏ పాపం తెలియని వాడి ఇంటికి పోలీసులు వెళ్తారు.

ప్లేటు చాలా ఫ్రేముల్లో, కొంచెం పెద్దగా, కదులుతూ కనిపిస్తే ఆ ఫ్రేములన్నీ కలిపి నిజంగానే కొంత రాబట్టొచ్చు, ఎందుకంటే ఒక్కో ఫ్రేములో ఒక్కో చోటి చుక్క పడుతుంది. నాలుగైదు చుక్కల వెడల్పు ఉన్న ప్లేటుకు అదీ లేదు. 2024లో అమెరికాలో, వాషింగ్టన్ రాష్ట్రం కింగ్ కౌంటీలో ఒక హత్య కేసులో ఏఐతో క్లియర్ చేసిన మొబైల్ వీడియో తెస్తే జడ్జి సాక్ష్యంగా తీసుకోనన్నారు. నువ్వు చేయాల్సింది, వాట్సాప్‌లో వచ్చిన క్లిప్పు కాకుండా డీవీఆర్ నుంచి, అంటే ఆ సీసీ కెమెరా రికార్డయ్యే డబ్బా నుంచి, నేరుగా పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకో, వాట్సాప్ దాన్ని ఇంకా నలిపేస్తుంది. అదీ ఇవాళే. ఆ డబ్బాలు నిండగానే పాతది చెరిపేసి కొత్తది రాసుకుంటాయి.


టూవీలర్‌పోయింది:

థాంక్స్ అన్నా. ఇప్పుడే వెళ్తున్నా, ఎదురింటి ఆంటీ ఇంట్లోనే ఉన్నారు.


డబుల్‌కామీఠా:

దొరికాయి!! హనుమకొండలో మా పెద్దమామయ్యకు ఫోన్ చేస్తే ముందు "ఆ కాలం క్యాసెట్లు ఇంకెక్కడివి" అన్నారు, అరగంట తర్వాత అత్తయ్య ఫోన్ చేసి అటక మీద ఖాళీ స్వీట్ డబ్బాలో రెండు ఉన్నాయన్నారు. నిన్న మా కజిన్ బస్సులో తెచ్చిచ్చాడు. ఒకదాని మీద "పెళ్లి 1" అని తాతయ్య చేతిరాతే అంట. మూత ఎత్తి చూశా. ఒకటవది శుభ్రంగానే ఉంది. రెండో దాని అంచు మీద తెల్లగా మచ్చలున్నాయి.

@పాతక్యాసెట్ గారూ, ఇప్పుడేం చేయను? వీసీఆర్ ఎక్కడ దొరుకుతుంది? ఆన్‌లైన్‌లో యూఎస్‌బీ పిన్నుతో చిన్న డబ్బా ఒకటి అమ్ముతున్నారు, దాంతో ఎక్కించొచ్చా?


పాతక్యాసెట్:

చాలా సంతోషం అమ్మా. రెండోది విడిగా పెట్టు, ఒకటవ దాని పక్కన కూడా ఉంచకు. కవర్లో బిగించి పెట్టకు, పొడిగా గాలి ఆడే చోట నిలువుగా పెట్టు.

వీసీఆర్ కొత్తవి ఎక్కడా లేవు, ప్రపంచంలో చివరగా తయారుచేస్తూ వచ్చిన జపాన్ కంపెనీ ఫునాయ్ కూడా 2016లో ఆపేసింది. ఎర్రగడ్డ ఆదివారం సంతలో కనిపిస్తాయి, నేను రెండు అక్కడే పట్టా, ఒకటి నడిచింది, ఒకటి స్పేర్ పార్టులకు పనికొచ్చింది. కోఠి గుజరాతీ గల్లీలో అడిగితే తెలిసినవాళ్ల పేరు చెప్తారు. కానీ ఒక్క క్యాసెట్ కోసం అంత తిరగడం దండగ. తిరిగి కొన్నా హెడ్ అరిగిందో లేదో నీకు తెలియదు, బెల్టు సాగి ఉంటే నీ టేపు నమిలి చేతిలో పెడుతుంది. చేసేవాడికి ఇవ్వు. పక్కన కూర్చుని చేయించు, వదిలేసి రాకు.

డబ్బా గురించి ఆ రెండర్ బాబు చెప్తాడు.


రెండర్‌రాత్రులు:

చెప్తా బాబాయ్.

ఆ చవక డబ్బా వద్దు. పాత క్యాసెట్‌లో సిగ్నల్ నిలకడగా రాదు, గీత గీతకూ అటూ ఇటూ జరుగుతుంది, తలుపు అంచులు అలల్లా ఊగేది అందుకే. మామూలు డబ్బా అది చూసి కంగారుపడి మధ్యమధ్యలో ఫ్రేములు వదిలేస్తుంది, గంట గడిచేసరికి మంత్రం ఒకచోట, పంతులు గారి పెదవులు ఇంకోచోట. మధ్యలో ఆ జరిగే గీతలను సరిచేసే టైమ్ బేస్ కరెక్టర్ ఉండాలి. అది ఖరీదు, అందుకని చాలామంది పాత పానాసోనిక్ డీవీడీ రికార్డరు, ఈఎస్10 ఈఎస్15 లాంటివి, మధ్యలో పెట్టి దాని గుండా సిగ్నల్ పంపిస్తారు, గీతలు నిటారుగా వస్తాయి. నమ్మబుద్ధి కాదు గానీ ఒక మూలన పడేసిన డీవీడీ రికార్డరు లక్షల రూపాయల ఏఐ చేయలేని పని చేస్తుంది.

చేసేవాడిని ఎవరినైనా మూడు మాటలు అడగండి, అతనికి పని వచ్చో రాదో అక్కడే తెలిసిపోతుంది. నష్టం లేని ఫార్మాట్‌లో ఇస్తావా, అంటే హఫ్‌వైయూవీ లాంటిది, గంటకు 30 జీబీ దాకా పడుతుంది, హార్డ్ డిస్క్ మీరే పట్టుకెళ్లాలి. ఇంటర్లేస్ అలాగే ఉంచుతావా. సౌండ్ ఎలా వస్తే అలా ఉంచుతావా. "అన్నీ క్లీన్ చేసి ఎంపీ4 పెన్‌డ్రైవ్‌లో ఇస్తా మేడమ్" అంటే లేచి వచ్చేయండి.

ఇంటర్లేస్ ఎందుకు ముఖ్యమంటే, క్యాసెట్‌లో సెకనుకు 25 బొమ్మలు కాదు, 50 సగం బొమ్మలు ఉంటాయి, ఒకసారి సరి గీతలు, ఒకసారి బేసి గీతలు. వీసీడీలో పట్టేది సెకనుకు 25 బొమ్మలే, పైనుంచి కిందకు లెక్కేస్తే గీతలూ 576 బదులు 288, మీ మూడు డిస్కులకూ జరిగింది ఇదే. సగం కదలిక అక్కడే పోయింది. క్యాసెట్ నుంచి తెచ్చుకుని క్యూటీజీఎంసీ అనే ఫిల్టరుతో విడదీస్తే 50 నిండు ఫ్రేములు వస్తాయి. ఉచితమే, హైబ్రిడ్ అనే ప్రోగ్రాంలో పెట్టుకోవచ్చు, గ్రాఫిక్స్ కార్డు లేకున్నా నడుస్తుంది, నత్తలా నడుస్తుంది. ఇందులో ఏ గీత ముందో ఏది వెనకో తప్పు చెప్తే మనుషులు ఒకడుగు ముందుకు ఒకడుగు వెనక్కి వణుకుతారు, అలా కనిపిస్తే భయపడకుండా రెండోది నొక్కండి.

ఇక ఏఐ. ముందు చెప్పిన వీడియో2ఎక్స్‌లో రియల్-ఈఎస్ఆర్‌గాన్ పెడితే అది ఒక్కో ఫ్రేమును విడిగా చూస్తుంది, పక్క ఫ్రేములో ఏం గీసిందో దానికి గుర్తుండదు, అందుకే జరీ అంచు బుసబుసమని నీళ్లలో ఆడినట్టు కదులుతుంది. వీడియో కోసం చేసిన మోడళ్లు ముందూ వెనకా ఫ్రేములు కూడా చూస్తాయి, అవి నయం. ఏది వాడినా పది సెకన్ల ముక్కలు మూడు తీసి ముందు వాటి మీద చేసి చూడండి, ఒకటి ముఖం దగ్గరగా ఉన్నది, ఒకటి జనం ఉన్నది, ఒకటి తలంబ్రాలు.

తలంబ్రాలు ఎందుకంటే, ఇది నేను సొంతంగా దెబ్బ తిని నేర్చుకున్నా. పోయినేడాది ఒక కస్టమర్‌కు పెళ్లి క్యాసెట్ చేసిచ్చా, దుమ్ము మచ్చలు తగ్గించే మోడల్ గట్టిగా పెట్టా, బ్రహ్మాండంగా వచ్చింది, డబ్బులిచ్చి వెళ్లారు. రాత్రి ఫోన్, "బాబూ, తలంబ్రాలు పోసుకుంటున్నారు గానీ తలంబ్రాలు లేవు". చూస్తే నిజమే. ఇద్దరూ ఖాళీ దోసిళ్లు ఎత్తి ఒకరి నెత్తి మీద ఒకరు గాలి పోసుకుంటున్నారు. ఒక ఫ్రేములో కనిపించి తర్వాతి ఫ్రేములో లేని తెల్ల చుక్క అంటే దాని దృష్టిలో క్యాసెట్ దుమ్ము. మొత్తం ఊడ్చేసింది. మళ్లీ రాత్రంతా కూర్చుని ఆ మూడు నిమిషాలు విడిగా చేశా.

అందుకే మొత్తం సినిమాకి ఒకే సెట్టింగ్ పెట్టను. ముఖాల బటన్ అసలు పెట్టను. టోపజ్‌లో అయితే ఒరిజినల్ డీటెయిల్ తిరిగి కలిపే స్లైడర్ ఒకటుంది, దాన్ని బాగా పైకి తెస్తా, కొంచెం గరుకు కూడా కలుపుతా, లేకపోతే అందరూ మైనపు బొమ్మల్లా ఉంటారు. 1080 దాటను. 4:3ని సాగదీసి టీవీ నిండా చేయను, పెళ్లికూతురు పక్కలకు పెరిగిపోతే ఆమెకు కోపం, నాకు పాపం. పక్కన నల్లపట్టీలు ఉంటే ఉండనివ్వండి. ఇంకోటి, టీవీ సెట్టింగుల్లో షార్ప్‌నెస్ తగ్గించి, కదలికను నున్నగా చేసే ఆప్షన్ ఆపేయండి, సగం కంపు టీవీదే.

ఏఐ చేసిన ఫైలు ఎంత బాగున్నా, క్యాసెట్ నుంచి వచ్చిన పెద్ద ఫైలు మాత్రం చెరపకండి. రెండు డిస్కుల్లో పెట్టండి. అయిదేళ్ల తర్వాత ఇంకా మంచి మోడల్ వస్తుంది, దానికి తినిపించడానికి ఇదే కావాలి.


కాచిగూడ_ఎక్స్‌ప్రెస్:

అన్నా, మరి పాత సినిమాలు 4కెలో మళ్లీ రిలీజ్ చేస్తున్నారు కదా, అద్దంలా ఉంటున్నాయి, అవి ఏఐ కాదా?


రెండర్‌రాత్రులు:

వాటిలో మంచివి చాలావరకు ఫిల్మ్ నెగెటివ్‌ను మళ్లీ స్కాన్ చేసి తెచ్చినవి భయ్యా. 35 ఎంఎం ఫిల్మ్‌లో అంత వివరం ముందు నుంచీ ఉంది, టీవీలో చూసిన మనకే తెలియలేదు. మన పెళ్లి క్యాసెట్ల వీహెచ్ఎస్ పద్ధతిలో అడ్డంగా లెక్కేస్తే 240 గీతల వివరం, రంగు అందులో ఇంకా తక్కువ, అందుకే ఎర్ర చీర పక్కకు కారినట్టుంటుంది. నెగెటివ్ దొరకనివాటికి కొందరు ఉన్న కాపీనే ఏఐతో సాగదీసి 4కె అని వేస్తున్నారు, హీరో చెంపలు చూస్తే తెలిసిపోతుంది.


నిమ్మకాయసోడా:

తలంబ్రాలు లేని తలంబ్రాలు 😂😂 ఆ వీడియో పెట్టన్నా


రెండర్‌రాత్రులు:

కస్టమర్‌ది, పెట్టను.


డబుల్‌కామీఠా:

అప్‌డేట్. ఒకటవ క్యాసెట్ అయిపోయింది. పార్క్‌లేన్ దగ్గర ఒకాయన చేశారు, మీరు చెప్పిన మూడు మాటలు అడిగితే "ఎవరు నేర్పారు మీకు" అన్నారు. మూడు గంటలు పక్కనే కూర్చున్నా, కళ్లు మండాయి. క్యూటీజీఎంసీ నా లాప్‌టాప్ మీద రెండు రాత్రులు నడిచింది, ఫ్యాను మోత చూసి నాన్న ప్లగ్ పీకేయబోయారు.

ఇంకా ఏఐ ఏమీ చేయలేదు. ఊరికే పచ్చిదే టీవీలో పెట్టా, షార్ప్‌నెస్ తగ్గించి. గీతలున్నాయి, కింద ఒక పట్టీ అదురుతోంది, పాట మధ్యలో సాగుతోంది, కానీ వీసీడీతో పోలిస్తే ఇది వేరే పెళ్లి. బ్యానర్ మీద అమ్మ పేరు చదవగలుగుతున్నాం, ఒత్తుతో సహా.

తాతయ్య ముక్క వచ్చినప్పుడు అమ్మ రిమోట్ లాక్కుని ఆపేసింది. ఆయన చేతికి ఉన్నది చైను వాచీ. డయల్ లోపలి వైపుకు, మణికట్టు కిందకు తిప్పి పెట్టుకునేవారంట, స్కూల్లో బోర్డు మీద రాసేటప్పుడు టైం చూసుకోవడానికి. అందుకని పైకి చైను ఒక్కటే కనిపిస్తుంది. ఆ వెబ్‌సైటు దాన్నే కడియం చేసింది. ఈ వాచీ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు ఇన్నాళ్లూ, అమ్మ కూడా మర్చిపోయిందంట. నాలుగుసార్లు వెనక్కి తిప్పి చూసింది, నాన్న కాఫీ చల్లారిపోయింది, ఎవరూ అడగలేదు.

@రెండర్‌రాత్రులు అన్నా, పెళ్లిరోజుకి మొత్తం కాకపోయినా కన్యాదానం నుంచి తలంబ్రాల దాకా 40 నిమిషాలు మీరు చేసిపెడతారా? ముఖాలు ముట్టుకోకుండా. వణుకు, గీతలు తగ్గితే చాలు. ఎంతో చెప్పండి, హార్డ్ డిస్క్ నేనే తెస్తా.

@పాతక్యాసెట్ గారూ, రెండో క్యాసెట్‌లో అప్పగింతలు, సత్యనారాయణ వ్రతం ఉన్నాయంట. మామయ్య ఒకసారి రీవైండ్ చేసి చూడమంటున్నారు, బూజు రాలిపోతుందంట. నిజమేనా?


పాతక్యాసెట్:

చేయకు చేయకు. బూజు ఇప్పుడు అంచు మీద ఉంది, రీవైండ్ చేస్తే చుట్టలన్నిటికీ అంటుతుంది, అతుక్కున్న చోట తెగుతుంది. ముట్టుకోకుండా ఆదివారం తీసుకురా, మల్కాజిగిరి. పాత వీసీఆర్ ఒకటి పైమూత తీసేసి దీనికోసమే ఉంచా, పాడైనా బాధ లేదు. ముందు టేపు తుడుస్తూ నెమ్మదిగా ఒకసారి చుడతా, తర్వాత హెడ్ శుభ్రం చేసి ఎక్కిద్దాం. ఉదయమే రా, ఎండ ఉంటుంది. అమ్మను కూడా తీసుకురా, ఎవరెవరో గుర్తుపట్టి చెప్తుంది, నేను పేర్లు రాసుకుంటా.


రెండర్‌రాత్రులు:

40 నిమిషాలే కదా, నేనూ ఆదివారం బాబాయ్ దగ్గరికే వచ్చి ఫైలు తీసుకుంటా. 50 ఫ్రేముల లెక్కన 1,20,000 అవుతాయి, రెండు మూడు రాత్రుల పని. డబ్బుల సంగతి అక్కడ మాట్లాడదాం. తాతయ్య ఫొటో ఒకటి తెండి, పక్కన పెట్టుకుని చేస్తా.